టెలికాం కంపెనీలకు ఆప్టికల్ పరికరాలు తయారుచేసే స్టార్టప్‌లో చేరవచ్చా?

వేవ్‌లెంగ్త్_వెంకట్

తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో ఒక పెద్ద పరికరాల కంపెనీలో ఆప్టికల్ లైన్ కార్డుల (ఫైబర్‌లో కాంతి రూపంలో డేటా పంపే కార్డుల) సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. నెల క్రితం నలభై మంది పనిచేసే ఒక స్టార్టప్ నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళు టెలికాం కంపెనీల మెట్రో నెట్‌వర్కుల (ఒక నగరం పరిధిలోని ఫైబర్ నెట్‌వర్కుల) కోసం చిన్న డీడబ్ల్యూడీఎం పెట్టె, అంటే ఒకే ఫైబర్‌లో అనేక రంగుల కాంతిని పంపే పరికరం, చేస్తున్నారు. ల్యాబ్‌లో అది నడుస్తుండగా నా కళ్ళతో చూశాను, నిజంగానే బాగుంది. జీతం ఇప్పటికంటే తక్కువ, ఆ లోటుకు బదులుగా షేర్లు ఇస్తామంటున్నారు.

నన్ను వేధిస్తున్న సందేహం వేరు. ఈ రంగంలో ఆశలు రేపుతున్న స్టార్టప్‌లు ఏవని వెతికితే కనిపించేవన్నీ డేటా సెంటర్లలో చిప్పుకూ చిప్పుకూ మధ్య కాంతిని నడిపే అయర్ ల్యాబ్స్, లైట్‌మ్యాటర్ వంటి పేర్లే. టెలికాం కంపెనీకి పెట్టె అమ్మి, ఎవరికీ అమ్ముడుపోకుండా తన కాళ్ళమీద నిలబడ్డ స్టార్టప్ ఒక్కటైనా ఉందా? ఉంటే అది ఎలా నిలబడింది? అనుభవం ఉన్నవాళ్ళు చెబితే నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది.

స్ప్లైసింగ్_శ్రీను

షేర్లు ఇస్తామన్నవాళ్ళు అద్దె కూడా షేర్లలోనే తీసుకునే ఇంటి యజమానిని చూపిస్తారేమో ముందు అడగండి.

రిచర్డ్‌సన్_పాతకాపు

నేను 1999లో డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో దిగాను. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో హైవే పొడుగునా టెలికాం కంపెనీలే ఉండేవి, మధ్యాహ్నం ఏ ఇండియన్ హోటలుకు వెళ్ళినా సగం బల్లల దగ్గర తెలుగే వినిపించేది. ఆ సంవత్సరం ఆగస్టులో నెట్‌వర్క్ పరికరాల దిగ్గజం సిస్కో ఒకే రోజు రెండు ఆప్టికల్ స్టార్టప్‌లను కొంటున్నట్టు ప్రకటించింది. కాలిఫోర్నియాలోని సెరెంట్‌కు 690 కోట్ల డాలర్ల విలువైన షేర్లు, మా ఊరి మాంటెరే నెట్‌వర్క్స్‌కు 50 కోట్ల డాలర్ల విలువైన షేర్లు. మరుసటి రోజు ఆఫీసులో ఎవరూ పని చేయలేదు; అందరూ తమ చేతిలోని ఆప్షన్లను (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనే హక్కులను) 50 కోట్లతో గుణించుకుంటూ కూర్చున్నారు.

తరువాతి కథ వినండి. సెరెంట్ పెట్టె సిస్కో పేరుమీద 15454గా ప్రపంచమంతా అమ్ముడుపోయింది. మాంటెరే పరికరాన్ని మాత్రం సిస్కో 2001లో మూసేసింది. మరో పెద్ద పరికరాల కంపెనీ లూసెంట్ 2000లో 450 కోట్ల డాలర్ల విలువకు కొన్న ఇజ్రాయెల్ సంస్థ క్రోమాటిస్ కూడా 2001 ఆగస్టులో మూతపడింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది ఆ కాలం. కొనే టెలికాం కంపెనీ ఎవరో తేలకముందే కంపెనీకి విలువ కట్టేసేవారు. నేను చేరిన స్టార్టప్ పేరు చెప్పను. 2001 అక్టోబరులో ఒక శుక్రవారం మా అందరినీ ఒక గదిలోకి పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళం పదకొండు మందిమి. షేర్ల కాగితాన్ని చాలాకాలం దాచుకున్నాను, చివరికి ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది.

వెంకట్ గారు, జీతం తగ్గించుకోకండి. నా సలహా అంతే.

తరంగం1550

పాతకాపు గారి బాధ అర్థమవుతుంది కానీ, పాతికేళ్ళ క్రితం బుడగను ఇప్పటి కంపెనీకి కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు. వెంకట్ గారు అడిగింది నిలబడ్డవాళ్ళ గురించి. సియెనా ఒకప్పుడు స్టార్టప్ కాదా? 1992లో పుట్టింది, 1996లో అమెరికా టెలికాం కంపెనీ స్ప్రింట్‌కు పదహారు రంగుల కాంతిని ఒకే ఫైబర్‌లో పంపే పరికరం అమ్మింది, 1997 ఫిబ్రవరిలో షేర్ మార్కెట్‌కు వచ్చింది, ఈరోజుకీ ఎవరికీ అమ్ముడుపోలేదు. కాలిఫోర్నియాలోని పెటలూమాలో 1999లో పుట్టిన కాలిక్స్ కూడా స్వతంత్రంగానే ఉంది. సెరెంట్ పుట్టిందీ ఆ పెటలూమాలోనే, ఆ ఊరు అంతకుముందు కోడిగుడ్లకు పేరుమోసింది.

స్ప్లైసింగ్_శ్రీను

అయితే తణుకులో కూడా ఆప్టికల్ కంపెనీ పెట్టవచ్చునన్నమాట. కోళ్ళ ఫారాలకు మాకూ కొదవ లేదు.

రిచర్డ్‌సన్_పాతకాపు

తరంగం గారు సియెనా పేరు ఎత్తారు కనుక 1998 సంగతి కూడా చెప్పవలసింది. మరో పరికరాల కంపెనీ టెల్లాబ్స్‌తో విలీనం దాదాపు పూర్తికావచ్చిన సమయంలో, సియెనా పరికరాల పరిశీలనను ముందుకు తీసుకువెళ్ళబోమని అమెరికా టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ తేల్చేసింది. ఆ ఒక్క కంపెనీ ఒక్క మాటతో సియెనా షేరు కూలిపోయింది, సెప్టెంబరులో విలీనం రద్దయింది. పరికరంలో లోపం ఉందని ఎవరూ అనలేదు. సియెనా తట్టుకుంది నిజమే, కానీ అప్పటికే దానికి ఇతర కొనుగోలుదారులు ఉన్నారు. నలభై మంది ఉన్న కంపెనీకి ఆ స్థోమత ఉంటుందా?

ఎన్‌ఓసీ_నళిని

నేను కొనేవాళ్ళ పక్షాన పనిచేస్తాను కనుక బల్లకు ఇటువైపు నుంచి కనిపించేది చెబుతాను. ఒక టెలికాం కంపెనీ ఎన్‌ఓసీలో, అంటే నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే కేంద్రంలో, పదకొండేళ్ళుగా ఉన్నాను, కొత్త పరికరాల పరీక్షల్లో మూడుసార్లు కూర్చున్నాను.

స్టార్టప్‌లవాళ్ళు మా దగ్గరకు వచ్చి ఎన్ని గిగాబిట్లు, ఎంత కరెంటు, ర్యాక్‌లో ఎంత చోటు అని చెబుతారు. ఆ మూడింటిలోనూ వాళ్ళు పెద్ద కంపెనీలకంటే మెరుగ్గానే ఉంటారు, అందులో అబద్ధమేమీ లేదు. మాకు నిద్రపట్టనివ్వని విషయాలు వేరు. రాత్రి రెండు గంటలకు ఫైబర్ తెగినప్పుడు ఈ పెట్టె పంపే అలారం మా మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో సరైన పేరుతో కనిపిస్తుందా? మంచిర్యాలలో కార్డు పోతే నాలుగు గంటల్లో స్పేర్ కార్డు ఎవరు తెస్తారు? సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు ట్రాఫిక్ ఆగుతుందా? ఏసీ పనిచేయని గదిలో మే నెలంతా ఆ పెట్టె బతుకుతుందా? వీటికి సమాధానం ల్యాబ్‌లో దొరకదు. కనుక మొదట ల్యాబ్ పరీక్ష, తరువాత ఒక రూట్‌లో ఫీల్డ్ ట్రయల్, ఆ తరువాత భద్రతా అనుమతులు, చివరికి ధర మీద బేరం. నేను చూసిన మూడింటిలో అన్నిటికంటే త్వరగా ముగిసిన దానికి పద్నాలుగు నెలలు పట్టింది, అది కూడా వాళ్ళు గట్టిగా వెంటపడినందువల్ల.

ఆ పద్నాలుగు నెలలూ స్టార్టప్ జీతాలు ఇస్తూనే ఉండాలి, మా నుంచి ఒక్క రూపాయి రాదు. మేము చెడ్డవాళ్ళం కాము. ఒకసారి ర్యాక్‌లో పెట్టిన పరికరం పదేళ్ళకు పైగా ఉంటుంది కనుక, దానితోపాటు దానిని చేసిన కంపెనీ కూడా ఉంటుందన్న నమ్మకం మాకు కావాలి.

స్ప్లైసింగ్_శ్రీను

నళిని గారి చివరి వాక్యానికి సాక్షిని నేనే. మాది గోదావరి జిల్లాలో చిన్న కేబుల్ నెట్‌వర్క్, మూడు మండలాలు, రెండు వేల పైచిలుకు ఇళ్ళు. ఆరేళ్ళ క్రితం ఒక కొత్త కంపెనీ ఓఎల్‌టీ (ఇళ్ళకు వెళ్ళే ఫైబర్లను మా ఆఫీసు వైపు నుంచి నడిపే పెట్టె) చాలా చవకగా వస్తోందని కొన్నాను. పెట్టె మీద నాకు ఫిర్యాదు లేదు, రెండేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. మూడో ఏట కొత్త రకం ఓఎన్‌టీలను (ఇళ్ళలో పెట్టే ఫైబర్ పెట్టెలను) అది గుర్తించడం మానేసింది. ఫర్మ్‌వేర్ కోసం ఫోన్ చేస్తే నంబరు పనిచేయలేదు, హైదరాబాద్ వెళ్ళినప్పుడు చిరునామా వెతుక్కుంటూ పోతే అక్కడ పిల్లల ట్యూషన్ సెంటర్ ఉంది. ఇప్పుడు ఆ ఓఎల్‌టీ మా ఆఫీసులో వైఫై రౌటరుకు పీటగా పనికివస్తోంది.

తరంగం1550

ఇద్దరూ చెప్పింది కాదనను. కానీ అందులోనే దారి కూడా ఉంది. పెట్టె మొత్తం అమ్మబోతే టెలికాం కంపెనీ నమ్మదు, పెట్టెలోకి దూరే ముక్క అమ్మితే నమ్మవలసిన పని ఉండదు. అకేషియా 2009లో మసాచుసెట్స్‌లో మొదలైంది. వాళ్ళు కోహెరెంట్ మాడ్యూళ్ళు (కాంతి మీద ఎక్కువ డేటాను ఎక్కువ దూరం పంపే భాగాలు) చేసి పరికరాల కంపెనీలకు అమ్మారు, టెలికాం కంపెనీ నమ్మకాన్ని సంపాదించే భారం ఆ పరికరాల కంపెనీలమీదే పడింది. 2016లో షేర్ మార్కెట్‌కు వచ్చారు. సిస్కో 2019లో 260 కోట్ల డాలర్లకు కొంటానని, ఆలస్యమై గొడవపడి, చివరికి 2021లో 450 కోట్లకు కొన్నది.

పెటలూమాలోనే పుట్టిన టిబిట్ అయితే ఓఎల్‌టీని ఏకంగా వేలెడంత ప్లగ్‌గా కుదించింది, ఏ స్విచ్‌లో గుచ్చినా అది ఓఎల్‌టీ అవుతుంది. దానిని కొంటున్నట్టు సియెనా 2022లో ప్రకటించింది. శ్రీను గారు, అలాంటిది ఉంటే మీ పీట కథ జరిగేది కాదు, ప్లగ్ ఒక్కటి మార్చుకునేవారు.

స్ప్లైసింగ్_శ్రీను

అప్పుడు రౌటరుకు పీట ఎక్కడి నుంచి తేవాలి?

లాంబ్డా_లక్ష్మి

ముక్కలు అమ్మేవాళ్ళకు కష్టాలు ఉండవన్నట్టు రాశారు తరంగం గారు, అది పూర్తి నిజం కాదు. అకేషియాకు పెద్ద కొనుగోలుదారుల్లో చైనా పరికరాల కంపెనీ జెడ్‌టీఈ ఒకటి. 2018 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం జెడ్‌టీఈకి విడిభాగాలు అమ్మకూడదని నిషేధించగానే, ఏ తప్పూ చేయని అకేషియా షేరు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడిపోయింది. పాతకాపు గారు చెప్పిన 1998 కథే ఇది, పాత్రలు మాత్రం మారాయి. కొనేవాళ్ళు నలుగురే ఉన్న అంగడిలో ఒకరు మొహం తిప్పుకుంటే చాలు.

ఆప్టికల్ పరికరాల కంపెనీ ఇన్ఫినెరాను కూడా చూడండి. 2000లో మొదలై, ఇండియం ఫాస్ఫైడ్ అనే పదార్థంతో చేసిన చిప్పు మీద పది కాంతి తరంగాలను ఒకేచోట కూర్చి 2004లో పరికరాన్ని తెచ్చింది. అందరూ చిప్పులు బయట కొంటుంటే వాళ్ళు సన్నీవేల్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ఇంజినీరింగ్‌లో వాళ్ళకు వంక పెట్టలేము. 2007లో షేర్ మార్కెట్‌కు వచ్చి, 2018లో మరో ఆప్టికల్ కంపెనీ కొరియంట్‌ను కొని, చివరికి 2025 ఫిబ్రవరిలో 230 కోట్ల డాలర్లకు నోకియాలో కలిసిపోయింది. ఏడాదిలోపు అమ్మకాలే చూపించిన సెరెంట్‌కు వచ్చిన ధరలో ఇది మూడో వంతు, అదీ పాతికేళ్ళు కష్టపడిన తరువాత.

తరంగం1550

పాతికేళ్ళు వేలమందికి జీతాలిచ్చి, ప్రపంచంలో కొత్త పద్ధతిని నిలబెట్టి, గౌరవంగా అమ్ముడైతే దానిని ఓటమి అంటారా? షేరు ధర చూసి ఇంజినీరింగ్‌ను కొలవడం నాకు రుచించదు.

లాంబ్డా_లక్ష్మి

వెంకట్ గారికి జీతానికి బదులు ఇస్తామంటున్నది షేర్లే కదా. మరి ఆయన దేనితో కొలవాలి?

హుబ్లీ_ఎక్స్‌ప్రెస్

అందరూ అమెరికాలో తిరుగుతున్నారు, వెంకట్ గారు బెంగళూరులోనే ఉన్నారు. ఆప్టికల్ పరికరాలు చేసే తేజస్ నెట్‌వర్క్స్ అక్కడిదే, దానిని ఎవరూ ప్రస్తావించకపోవడం వింతగా ఉంది.

హుబ్బళ్ళివాడైన గురురాజ్ దేశ్‌పాండే అమెరికాలో సికమోర్ నెట్‌వర్క్స్ అనే ఆప్టికల్ పరికరాల కంపెనీ పెట్టారు. 1999 అక్టోబరులో 38 డాలర్లకు ఇచ్చిన షేరు మొదటి రోజే 184 డాలర్లు దాటింది. ఆయన అండతోనే 2000లో బెంగళూరులో తేజస్ మొదలైంది. ఆకాశమంత ఎత్తున మొదలైన సికమోర్ 2013లో తన కంపెనీని తానే రద్దుచేసుకొని, మిగిలిన నగదును వాటాదారులకు పంచి తలుపులు మూసింది. నేలమీద మొదలైన తేజస్ ఇంకా ఉంది. అదే మనిషి, అదే రంగం, అదే కాలం. తేడా నా దృష్టిలో ఒక్కటే: సికమోర్ అప్పట్లో అప్పుచేసి ఫైబర్ వేసిన కొత్త టెలికాం కంపెనీలను నమ్ముకుంది, వాళ్ళు మునిగితే తానూ ఆగిపోయింది. తేజస్ ఇక్కడ నిదానంగా, తక్కువ ధరకు కొనే పాత కంపెనీలను నమ్ముకుంది.

తేజస్‌కు కూడా గండం తప్పలేదు. వాళ్ళ పరికరాలను తన పేరుమీద బయట దేశాల్లో అమ్మిపెట్టే కెనడా కంపెనీ నార్టెల్ 2009 జనవరిలో దివాలా తీసింది. ఆ దెబ్బనుంచి తేరుకొని 2017 జూన్‌లో 257 రూపాయల ధరతో షేర్ మార్కెట్‌కు వచ్చారు, 2021లో టాటాల చేతికి వెళ్ళారు. స్వతంత్రంగా ఉందా అంటే లేదు. కానీ పెట్టెలు ఇక్కడే గీసి, ఇక్కడే చేసి, ఇరవై ఏళ్ళు టెలికాం కంపెనీలకు అమ్మింది.

టెండర్_తాతారావు

ఇరవై ఏళ్ళు టెండర్లు నింపిన చేతితో రాస్తున్నాను. మన దేశంలో పరికరం బాగుండటం మూడో అర్హత. మొదటిది ధర, రెండోది గత అనుభవం. గతంలో ఇన్ని వేల పెట్టెలు ఇచ్చినట్టు సర్టిఫికెట్ పెట్టమంటారు, ఆ మొదటి వేయి పెట్టెలు ఇవ్వనిచ్చేవాళ్ళు మాత్రం ఎక్కడా ఉండరు. స్టార్టప్‌లకు సడలింపులు వచ్చాయి, 2017 నుంచి స్వదేశీ తయారీకి ప్రాధాన్యం ఇవ్వాలన్న ఉత్తర్వు ఉంది, 2021 జూన్ నుంచి నమ్మకమైన సంస్థల పరికరాలనే కొత్తగా పెట్టాలన్న నియమం వచ్చింది. వీటివల్ల తలుపు కొంచెం తెరుచుకున్నమాట నిజం. అయితే లోపలికి వెళ్ళాక బిల్లు వసూలు చేసుకోవడం వేరే విద్య. మేము పని పూర్తిచేసి అప్పగించిన ఒక ప్రాజెక్టులో చివరి పది శాతం డబ్బు రావడానికి నాలుగేళ్ళు పట్టింది, ఆ లోపల మా పరికరాలు చేసిచ్చిన చిన్న కంపెనీ బ్యాంకు వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది.

వెంకట్ గారు, వాళ్ళ పెట్టె ఎంత బాగుందని చూడకండి, ఎన్ని నెలలు అరువు మోయగలరో అడగండి.

హుబ్లీ_ఎక్స్‌ప్రెస్

తాతారావు గారు చెప్పింది ప్రభుత్వ కొనుగోళ్ళకే వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీలు అలా కాదు.

టెండర్_తాతారావు

ప్రైవేటులో పెద్దవాళ్ళు ఎందరున్నారు బాబూ? ఒక చేతి వేళ్ళు లెక్కపెట్టినా ఇంకా వేళ్ళు మిగులుతాయి.

కొండగాలి_విశాఖ

ఫైబర్ లేని ఆప్టికల్ గురించి కూడా ఒక మాట. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వాళ్ళ ఎక్స్ ప్రయోగశాల 2017 డిసెంబరులో మన ఏపీ ఫైబర్‌నెట్‌తో ఒప్పందం ప్రకటించింది. ఫైబర్ వేయడం కష్టమైన చోట స్తంభానికి స్తంభానికి మధ్య గాలిలోనే కాంతి కిరణంతో డేటా పంపే లింకులు రెండు వేలు పెడతామన్నారు. ఆ బృందమే తారా అనే పేరుతో పనిచేసి, కాంగో నదికి ఇరువైపులా ఉన్న బ్రాజవిల్, కిన్షాసా నగరాల మధ్య ఐదు కిలోమీటర్ల లోపు దూరాన్ని దాటించింది. అక్కడ నదిలో కేబుల్ వేయడం కుదరక, చుట్టూ తిప్పి వేయవలసి రావడంతో ఇంటర్నెట్ ఖరీదైపోయేది. 2025 మార్చిలో తారా విడి కంపెనీ అయింది. టెలికాం కంపెనీలకు అమ్మే కొత్త ఆప్టికల్ స్టార్టప్ కావాలంటే ఇదిగో, మన గడ్డతో పరిచయం ఉన్నదే.

ఎన్‌ఓసీ_నళిని

ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ పొగమంచులో కాంతి ఆగిపోతుంది. జనవరి ఉదయం లంబసింగిలో ఆ లింకు అలారాలు చూసే ఉద్యోగం మాత్రం నాకు వద్దు.

కొండగాలి_విశాఖ

అందుకే దానిని ఒంటరిగా నమ్ముకోరు, రేడియో లింకును తోడుగా పెడతారు. లంబసింగిలో మనిషికి మనిషే కనిపించడు, కాంతిని ఎందుకు అనాలి?

లాంబ్డా_లక్ష్మి

అసలు విషయానికి వద్దాం. వెంకట్ గారు, మీరు చూసిన పెట్టెలో ఏముంది? ట్రాన్స్‌పాండర్లు (డేటాను ఒక్కో రంగు కాంతిగా మార్చే భాగాలు) ఉన్నాయా, లేక యాంప్లిఫయర్ (దారిలో కాంతి బలం పెంచేది), ఆర్‌ఓఏడీఎం (దారి మధ్యలో రంగులను కలిపే, విడదీసే పరికరం) వంటి లైన్ సిస్టమా? ఎందుకు అడుగుతున్నానంటే, ఇలాంటి ప్లగ్‌ల కోసం పరిశ్రమ పెట్టుకున్న 400జెడ్‌ఆర్ ప్రమాణం 2020లో ఖరారైన తరువాత, ఒకప్పుడు ఒక షెల్ఫ్ నిండా ఉండే ట్రాన్స్‌పాండర్ బొటనవేలంత ప్లగ్ అయిపోయింది. దానిని నేరుగా రౌటర్‌లో గుచ్చి, మధ్యలో యాంప్లిఫయర్లు పెట్టుకొని 120 కిలోమీటర్ల వరకు 400 గిగాబిట్లు పంపవచ్చు. మన నగరాల మెట్రో రింగులు చాలావరకు ఆ దూరంలోపే ఉంటాయి. సిస్కో అకేషియాకు అంత ధర పెట్టింది కూడా ఇందుకే అని నా అభిప్రాయం. మీ స్టార్టప్ అమ్మేది ట్రాన్స్‌పాండర్ పెట్టే అయితే, వాళ్ళు పోటీపడుతున్నది వేరే పెట్టెతో కాదు, పెట్టె అక్కరలేదనే ఆలోచనతో.

వేవ్‌లెంగ్త్_వెంకట్

సరిగ్గా గుండెమీద చెయ్యి వేశారు. పెట్టెలో రెండూ ఉన్నాయి. సగం ట్రాన్స్‌పాండర్లు, సగం చిన్న యాంప్లిఫయర్, మక్స్ (రంగులను ఒకే ఫైబర్‌లోకి కలిపే భాగం). వాళ్ళ ప్రచార పత్రంలో మొదటి సగం గురించే నాలుగు పేజీలు ఉంది.

ఎన్‌ఓసీ_నళిని

మాకు కావలసింది రెండో సగం. ప్లగ్‌లు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. ఎవరి ప్లగ్ గుచ్చినా పనిచేసే, వీధి క్యాబినెట్‌లో ఎండకు తట్టుకునే చిన్న యాంప్లిఫయర్ పెట్టె ఎవరైనా తెస్తే నేనే మా మేనేజరును తీసుకొచ్చి చూపిస్తాను. రౌటర్ బృందానికీ ట్రాన్స్‌మిషన్ బృందానికీ ఆ ప్లగ్ ఎవరిదన్న తగాదా మా ఆఫీసులో ఇంకా తేలలేదు, అది వేరే సంగతి.

తరంగం1550

ఈ ఒక్క జవాబుకు మార్కెటింగ్ వాళ్ళయితే లక్షలు ఫీజు కడతారు. వెంకట్ గారు, దీన్ని వాళ్ళ ముందు పెట్టి చూడండి. వాళ్ళు వినిపించుకుంటారా లేదా అన్నదే మీ ఇంటర్వ్యూ. మీరు వాళ్ళను చేస్తున్న ఇంటర్వ్యూ.

రిచర్డ్‌సన్_పాతకాపు

షేర్ల విషయంలో మూడు ప్రశ్నలు అడగడం మరచిపోకండి. మొత్తం షేర్లలో మీకు ఇచ్చేది ఎంత శాతం? కంపెనీ అమ్ముడైతే పెట్టుబడిదారులు ముందుగా తీసుకునే మొత్తం ఎంత? మీరు మధ్యలో మానేస్తే ఆప్షన్లను ఎన్ని రోజుల్లోపు డబ్బు కట్టి తీసుకోవాలి? ఈ రంగంలో ఎక్కువ కంపెనీల కథ అమ్మకంతోనే ముగుస్తుందని ఇక్కడ అందరమూ ఒప్పుకున్నాం కనుక, రెండో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. నాకు 2000లో ఆ ప్రశ్న ఉంటుందని కూడా తెలియదు.

వేవ్‌లెంగ్త్_వెంకట్

పది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకొని వెళ్ళాను.

తాతారావు గారి ప్రశ్నకు: ఇప్పటి ఖర్చుతో ఇరవై రెండు నెలలు నడపగలమన్నారు. నళిని గారి లెక్కలో ఒక పరీక్షకు సరిపోతుంది, రెండింటికి చాలదు. ఒక టెలికాం కంపెనీ ల్యాబ్‌లో ఏడు నెలలుగా పెట్టె ఉందట, ఫీల్డ్ ట్రయల్ తేదీ ఇంకా రాలేదు. లక్ష్మి గారి ప్రశ్నకు వ్యవస్థాపకుల్లో ఒకాయన కాసేపు మౌనంగా ఉండి, తమలో తమకు కూడా ఆ వాదన నాలుగు నెలలుగా నడుస్తోందని ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మౌనమే నాకు నచ్చింది. యాంప్లిఫయర్ భాగాన్ని విడిగా తీసి అమ్మే పని మొదలుపెడితే దాని సాఫ్ట్‌వేర్ నేను చూడాలని అడిగారు. పాతకాపు గారి మొదటి, మూడో ప్రశ్నలకు వెంటనే చెప్పారు, రెండోదానికి లాయరును అడిగి చెబుతామన్నారు.

జీతం తగ్గించుకోనని, షేర్లు సగం చేసినా ఫరవాలేదని చెప్పి వచ్చాను. నిన్న సాయంత్రం సరేనన్నారు. లాయరు జవాబు మాత్రం ఇంకా రాలేదు, అది వచ్చేదాకా ఇక్కడ రాజీనామా పెట్టడం లేదు.

రిచర్డ్‌సన్_పాతకాపు

రాతపూర్వకంగా తీసుకోండి.

స్ప్లైసింగ్_శ్రీను

ఎండకు తట్టుకునే పెట్టె తయారయ్యాక మొదటి ఫీల్డ్ ట్రయల్‌కు మా నెట్‌వర్క్ సిద్ధంగా ఉంది. మే నెలలో మా క్యాబినెట్ మీద అట్టు పోసుకోవచ్చు. పరీక్షకు పద్నాలుగు నెలలు అక్కరలేదు, పద్నాలుగు రోజుల్లో తేలిపోతుంది.

ఎన్‌ఓసీ_నళిని

శ్రీను గారు, ఆ పెట్టె ఏయే అలారాలు పంపిందో రాసిన కాగితం కూడా ఉంచండి. మా మేనేజరు ముందు అదే అడుగుతారు.